దొరికిన ఫంక్షనే దొంగ కాదు: కెర్నల్‌లో యూజ్-ఆఫ్టర్-ఫ్రీ బగ్‌ను మూలం దాకా పట్టుకోవడం ఎలా

మీ డ్రైవర్ నడుస్తుండగా కన్సోల్ మీద పొడవాటి రిపోర్ట్ ఒకటి పడింది. పై లైన్‌లో "బగ్: కేసాన్: స్లాబ్-యూజ్-ఆఫ్టర్-ఫ్రీ" అని ఉంది, పక్కనే ఒక ఫంక్షన్ పేరుంది. కేసాన్ అంటే కెర్నల్‌లో మెమరీ తప్పులను పట్టే సాధనం, యూజ్-ఆఫ్టర్-ఫ్రీ అంటే ఫ్రీ చేసేసిన మెమరీని మళ్ళీ ముట్టుకోవడం. ఇలాంటప్పుడు చాలామంది ఆ ఫంక్షన్ తెరిచి, పాయింటర్ నల్ అవునో కాదో చూసే ఇఫ్ ఒకటి పెడతారు. రిపోర్ట్ మళ్ళీ రాకపోతే ప్యాచ్ పంపేస్తారు. ఆ ప్యాచ్ దాదాపు ఎప్పుడూ తప్పే.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు కదా, కేసాన్ రిపోర్ట్‌లో జరిగేది అదే. పైన పేరు పడ్డ ఫంక్షన్ పాపం దొరికిపోయింది, అంతే. మెమరీని తొందరపడి ఫ్రీ చేసిన కోడో, ఎవరికీ చెప్పకుండా పాయింటర్ దాచుకున్న కోడో కింద ఎక్కడో దొరలా కూర్చుని ఉంటుంది. ఈ వ్యాసమంతా ఆ దొరను పట్టుకోవడం గురించే. మీకు సీ భాష వచ్చని, లినక్స్ కెర్నల్‌ను సొంతంగా బిల్డ్ చేయగలరని అనుకుని రాస్తున్నాను. ఉదాహరణకు ఒక ఊహాజనిత డ్రైవర్ తీసుకుందాం. యూఎస్‌బీలో తగిలించే సెన్సర్, దాన్ని చదవడానికి ఒక డివైస్ ఫైల్. ప్రోబ్‌లో (పరికరం తగిలించగానే నడిచే ఫంక్షన్) ఒక స్ట్రక్చర్‌కు మెమరీ తీసుకుంటుంది, డిస్‌కనెక్ట్‌లో (ఊడదీసినప్పుడు నడిచేది) ఫ్రీ చేస్తుంది. ఇలాంటి డ్రైవర్లు కోకొల్లలు.

1. ముందు కెర్నల్‌ను సిద్ధం చేసుకోండి

పని చేసుకునే ల్యాప్‌టాప్ మీద వద్దు. క్యూఎమూలో ఒక వర్చువల్ మెషిన్ పెట్టుకోండి, కనీసం రెండు సీపీయూలు ఇవ్వండి. సీరియల్ కన్సోల్ ఒక ఫైల్‌లోకి పడేలా చూసుకోండి, లేకపోతే మెషిన్ పడిపోయినప్పుడు రిపోర్ట్‌లో అసలు కావాల్సిన సగం పోతుంది.

కాన్ఫిగ్‌లో కేసాన్‌ను జెనెరిక్ మోడ్‌లో ఆన్ చేయండి, డీబగ్ ఇన్ఫో కూడా పెట్టండి. కేసాన్ 2015లో లినక్స్ 4.0తో వచ్చింది. ప్రతి 8 బైట్ల మెమరీకి 1 బైట్ నీడ మెమరీ ఉంచుకుని, ప్రతి రీడ్‌కు, రైట్‌కు ముందు ఆ నీడను చూస్తుంది. అంటే ర్యామ్‌లో ఎనిమిదో వంతు దానికే పోతుంది, మెషిన్ కూడా బాగా నెమ్మదిస్తుంది. అందుకే దీన్ని నిజమైన సర్వర్ల మీద పెట్టరు. అక్కడికి కేఫెన్స్ ఉంది, 2021లో 5.12తో వచ్చింది. అది అన్ని కేటాయింపులనూ కాకుండా అప్పుడప్పుడు ఒకదాన్ని మాత్రమే గమనిస్తుంది కాబట్టి భారం చాలా తక్కువ, బగ్ దొరికే అవకాశమూ తక్కువే. వేల మెషిన్లు ఉన్నవాళ్ళకు అది లాభం. ఒక్క మెషిన్ మీద ఒక్క బగ్ వెతికే మీకు కేసానే కావాలి.

2. మొదటి రిపోర్ట్ మాత్రమే చదవండి

ఒకసారి మెమరీ పాడైతే ఆ తర్వాత వచ్చే ఊప్స్‌లు (కెర్నల్ క్రాష్ రిపోర్ట్‌లు), వార్నింగ్‌లు చాలావరకు దాని పర్యవసానాలే. కేసాన్ కూడా మామూలుగా మొదటి రిపోర్ట్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటుంది. లాగ్‌లో పైకి వెళ్ళి "నాట్ టెయింటెడ్" అని రాసి ఉన్న మొదటి చోటు పట్టుకోండి. టెయింట్ గుర్తుల్లో (కెర్నల్ స్థితి ముందే చెడిందని చెప్పే అక్షరాలు) బీ అక్షరం కనిపిస్తే అంతకుముందే ఇంకేదో జరిగిందని అర్థం, ఇంకా పైకి వెళ్ళండి. ఓ అక్షరం ఉంటే కెర్నల్ ట్రీ బయటి మాడ్యూల్ ఏదో లోడ్ అయ్యుంది. అది తీసేసి మళ్ళీ ప్రయత్నించండి, లేకపోతే రేపు మెయింటైనర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

తర్వాత కెర్నల్ సోర్స్‌లోని స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉండే డీకోడ్-స్టాక్‌ట్రేస్ అనే స్క్రిప్ట్‌కు రిపోర్ట్‌ను ఇవ్వండి. ఉత్త అడ్రస్‌లు పోయి ఫైల్ పేర్లు, లైన్ నంబర్లు వస్తాయి, ఇన్‌లైన్ అయిపోయిన ఫంక్షన్లు కూడా బయటపడతాయి. ఏ బిల్డ్ నడిచిందో సరిగ్గా ఆ బిల్డ్ ఇమేజ్‌నే ఇవ్వాలి. మధ్యలో ఒక్క లైన్ మార్చి మళ్ళీ బిల్డ్ చేసినా లైన్ నంబర్లు అబద్ధం చెబుతాయి, ఆ అబద్ధం నమ్మి గంటలు పోతాయి.

3. ఏ రకం బగ్గో తేల్చుకోండి

మొదటి లైన్ రకం చెబుతుంది. "స్లాబ్-అవుట్-ఆఫ్-బౌండ్స్" అయితే సైజు లెక్క తప్పింది. కింద "64 బైట్ల ప్రాంతానికి కుడివైపు 0 బైట్ల దూరంలో" అన్న అర్థంలో లైన్ ఉంటే లూప్ ఒక అడుగు ఎక్కువ వేసిందన్నమాట, సగం రోజులో తేలిపోతుంది. "నల్-పాయింటర్-డీరెఫ్" సంగతి చెప్పక్కర్లేదు. అసలు తలనొప్పి యూజ్-ఆఫ్టర్-ఫ్రీతోనే, ఎందుకంటే అక్కడ తప్పు ఒక లైన్‌లో ఉండదు, రెండు కోడ్ దారుల మధ్య ఉంటుంది.

రెండో లైన్‌లో రీడా రైటా, ఎన్ని బైట్లు, ఏ టాస్క్ అన్నవి ఉంటాయి. రైట్ అయితే ప్రమాదం ఎక్కువ. రీడ్ అయితే పర్వాలేదని మాత్రం అనుకోకండి. చదివింది ఫంక్షన్ పాయింటరైతే దాని తర్వాతి అడుగు అక్కడికి దూకడమే.

4. మూడు స్టాక్‌లను పక్కపక్కన పెట్టండి

యూజ్-ఆఫ్టర్-ఫ్రీ రిపోర్ట్‌లో మూడు స్టాక్‌లు ఉంటాయి. ఇప్పుడు ముట్టుకున్నది ఎవరు, మొదట కేటాయించింది ఎవరు, ఫ్రీ చేసింది ఎవరు. ఈ మూడింటినీ కాగితం మీద మూడు నిలువు వరుసలుగా రాసుకోండి. కాగితం మీదే. స్క్రీన్ మీద పైకీ కిందకీ జరుపుతుంటే ఒకటి చూసేసరికి ఇంకోటి మరిచిపోతాం.

ప్రతి స్టాక్ పైభాగంలో కేసాన్ సొంత ఫంక్షన్లు, లాక్ ఫంక్షన్లు, లిస్ట్ ఫంక్షన్లు ఉంటాయి. అవి దాటి మీ సబ్‌సిస్టమ్‌కు చెందిన మొదటి ఫంక్షన్ దగ్గర ఆగండి. మ్యూటెక్స్-లాక్‌లో బగ్ అని రిపోర్ట్ చెబితే మ్యూటెక్స్ కోడ్‌లో తప్పున్నట్టు కాదు, మ్యూటెక్స్ ఉన్న ఆబ్జెక్ట్ చచ్చిపోయిందని. ఫంక్షన్ పేరుకు ముందు ప్రశ్నార్థకం గుర్తు ఉన్న లైన్లను నమ్మకండి, అవి స్టాక్‌లో మిగిలిపోయిన పాత అడ్రస్‌లు కావచ్చు.

మన సెన్సర్ డ్రైవర్‌లో ఇలా వస్తుంది. ముట్టుకున్నది: రీడ్ సిస్టమ్ కాల్ నుంచి డ్రైవర్ రీడ్ ఫంక్షన్, అక్కడి నుంచి మ్యూటెక్స్-లాక్. కేటాయించింది: డ్రైవర్ ప్రోబ్. ఫ్రీ చేసింది: యూఎస్‌బీ హబ్ వర్కర్ నుంచి డ్రైవర్ డిస్‌కనెక్ట్. చూడగానే కథ తెలిసిపోతోంది. ఒక ప్రాసెస్ డివైస్ ఫైల్ తెరిచి ఉంచుకుంది, ఎవరో సెన్సర్ ఊడదీశారు, ప్రాసెస్ ఆ తర్వాత రీడ్ చేసింది.

కొన్నిసార్లు ఫ్రీ స్టాక్‌లో మీ డ్రైవర్ పేరే ఉండదు, ఆర్‌సీయూ (చదువుతున్నవాళ్ళు ముగించేదాకా ఫ్రీని వాయిదా వేసే కెర్నల్ పద్ధతి) కాల్‌బ్యాక్ మాత్రమే కనిపిస్తుంది. అప్పుడు కింద "చివరిగా సంబంధం ఉండగల పని" అన్న అర్థంలో ఇంకో స్టాక్ ఉంటుంది. ఆ కాల్‌బ్యాక్‌ను క్యూలో పెట్టింది ఎవరో అది చెబుతుంది. చాలామంది దాన్ని చూడకుండా వదిలేస్తారు.

5. ఏ ఫీల్డ్‌ను ముట్టుకున్నారో కనుక్కోండి

"ఫ్రీ అయిన 192 బైట్ల ప్రాంతంలో 40 బైట్ల లోపల" లాంటి లైన్ ఒకటి ఉంటుంది. 192 అనేది స్లాబ్ క్యాష్ (కెర్నల్ మెమరీని ఇచ్చే ఒకే సైజు ముక్కల నిల్వ) సైజు, మీ స్ట్రక్చర్ అంతకన్నా చిన్నది కావచ్చు. పాహోల్ అనే టూల్‌కు స్ట్రక్చర్ పేరిస్తే ఏ ఆఫ్‌సెట్‌లో ఏ ఫీల్డ్ ఉందో చూపిస్తుంది. 40 దగ్గర మ్యూటెక్స్ ఉందా, లిస్ట్ నోడ్ ఉందా, వెయిట్ క్యూ ఉందా?

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ప్రాసెస్‌ల మధ్య సందేశాలు మోసే ఆండ్రాయిడ్ బైండర్ డ్రైవర్‌లోని సీవీఈ-2019-2215 మంచి ఉదాహరణ (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపానికి ఇచ్చే నంబర్). బైండర్ థ్రెడ్ ఆబ్జెక్ట్ లోపల ఒక వెయిట్ క్యూ ఉంది. ఈపోల్ (చాలా ఫైళ్ళను ఒకేసారి గమనించే కెర్నల్ సదుపాయం) ఆ వెయిట్ క్యూకు తన ఎంట్రీని తగిలించుకుంది. ప్రాసెస్ "థ్రెడ్ ఎగ్జిట్" అని చెప్పగానే బైండర్ ఆ ఆబ్జెక్ట్‌ను ఫ్రీ చేసింది, ఈపోల్ దగ్గర మాత్రం పాత లంకె అలాగే ఉండిపోయింది. తర్వాత ఈపోల్ తన ఎంట్రీని తీసేయబోయి చచ్చిన మెమరీలో రాసింది. ముట్టుకున్నది వెయిట్ క్యూ అని తెలిసిన క్షణంలోనే "దీన్ని ఇంకెవరు పట్టుకుని ఉన్నారు" అన్న ప్రశ్నకు జవాబు సగం వచ్చేసినట్టు.

6. పట్టుకున్నవాళ్ళ జాబితా రాయండి

ఆ ఆబ్జెక్ట్‌కు పాయింటర్ ఎక్కడెక్కడ ఉందో వెతికి ఒక్కొక్కటీ రాయండి. మన డ్రైవర్‌లో యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ డేటాలో ఒకటి, తెరిచిన ప్రతి ఫైల్ ప్రైవేట్ డేటాలో ఒకటి, టైమర్ ఉంటే దాని కాల్‌బ్యాక్‌లో ఒకటి, వర్క్‌క్యూ ఉంటే అందులో ఒకటి. ప్రతిదాని పక్కన రెండు విషయాలు రాయండి. ఇది ఆబ్జెక్ట్‌ను బతికించి ఉంచే రిఫరెన్సా, ఉత్త పాయింటరా? ఉత్త పాయింటరైతే, ఆబ్జెక్ట్ చచ్చేలోపు దీన్ని ఖచ్చితంగా తీసేసేది ఎవరు?

రెండో ప్రశ్నకు ఏ వరుసలో జవాబు రాయలేకపోతారో బగ్ అక్కడే ఉంది. ఇక్కడ తెరిచిన ఫైల్ దగ్గరున్న పాయింటర్. దాన్ని డిస్‌కనెక్ట్ తీసేయదు, తీసేయలేదు కూడా. డిస్‌కనెక్ట్‌లో ఇంటర్‌ఫేస్ డేటాను నల్ చేసినా ఫైల్ దగ్గరి కాపీ అలాగే ఉంటుంది. మొదట్లో చెప్పిన ఇఫ్ ప్యాచ్ పనికిరానిది ఇందుకే, మీరు చూసే పాయింటర్ ఎప్పటికీ నల్ కాదు.

ఇంకో ఉచ్చు కూడా చూడండి. "డిస్‌కనెక్ట్ అయిపోయింది" అని ఒక ఫ్లాగ్ పెట్టి రీడ్‌లో దాన్ని చూద్దామంటారు. ఫ్లాగ్ ఎక్కడుంది? అదే స్ట్రక్చర్‌లో. ఆ ఫ్లాగ్ చదవడమే యూజ్-ఆఫ్టర్-ఫ్రీ.

7. కావాలన్నప్పుడల్లా వచ్చేలా చేయండి

సవరించే ముందు బగ్‌ను మీ ఇష్టప్రకారం రప్పించగలగాలి. సెన్సర్‌ను చేత్తో ఊడదీస్తూ కూర్చోనక్కర్లేదు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో డ్రైవర్ డైరెక్టరీలో ఉండే అన్‌బైండ్ ఫైల్‌లో ఇంటర్‌ఫేస్ పేరు రాస్తే డిస్‌కనెక్ట్ నడుస్తుంది. చేతిలో పరికరమే లేకపోతే డమ్మీ-హెచ్‌సీడీ, రా-గ్యాడ్జెట్ కలిపి నకిలీ యూఎస్‌బీ పరికరాన్ని తయారు చేయవచ్చు, సిజ్‌కాలర్ ఫజ్జర్ (అడ్డదిడ్డమైన సిస్టమ్ కాల్స్‌తో బగ్‌లు వెతికే టూల్) కూడా అదే పద్ధతి వాడుతుంది.

ఫైల్ తెరవడం, అన్‌బైండ్, రీడ్, ఇది వరసగా జరిగే సులువు రకం. రీడ్ సగంలో ఉండగా డిస్‌కనెక్ట్ వచ్చే రేస్ రకమైతే, పాయింటర్ తీసుకున్న లైన్‌కూ లాక్ తీసుకునే లైన్‌కూ మధ్య తాత్కాలికంగా కొన్ని వందల మిల్లీసెకన్ల డిలే పెట్టండి. వెయ్యిసార్లకు ఒకసారి వచ్చే బగ్ ప్రతిసారీ వస్తుంది. దీన్ని మోసం అనుకోకండి, డిలే కొత్త బగ్‌ను సృష్టించదు, ఉన్న కిటికీని పెద్దది చేస్తుంది. ప్యాచ్ పంపేముందు తీసేయడం మాత్రం మరవకండి.

ఏ కమిట్‌తో మొదలైందో తెలియాలంటే గిట్ బైసెక్ట్ ఉంది. రేస్ బగ్‌లతో జాగ్రత్త, ఒక్కసారి నడిపి రాలేదని "గుడ్" అనేస్తే బైసెక్ట్ పూర్తిగా సంబంధం లేని కమిట్‌ను చూపిస్తుంది.

8. సవరణ: ఆబ్జెక్ట్ ఎవరిదో కోడ్‌లో రాయండి

మన డ్రైవర్‌కు తగిన మందు కేరెఫ్, అంటే ఆబ్జెక్ట్‌ను ఎంతమంది పట్టుకుని ఉన్నారో లెక్కపెట్టే కౌంటర్. ప్రోబ్‌లో లెక్క 1తో మొదలు. ఓపెన్‌లో ఒకటి పెంచండి, ఫైల్ మూసినప్పుడు ఒకటి తగ్గించండి. డిస్‌కనెక్ట్ నేరుగా ఫ్రీ చేయడం మానేసి తన వంతు ఒకటి తగ్గిస్తుంది. సున్నాకు చేరినప్పుడు మాత్రమే మెమరీ పోతుంది. ఇప్పుడు పైన కాదన్న ఫ్లాగ్ పనికొస్తుంది. ఆబ్జెక్ట్ బతికే ఉంది కాబట్టి, రీడ్ మ్యూటెక్స్ తీసుకుని ఫ్లాగ్ చూసి "పరికరం లేదు" అన్న ఎర్రర్ ఇచ్చి బయటికి రావచ్చు. రెండూ కావాలి. కేరెఫ్ మెమరీని కాపాడుతుంది, ఊడిపోయిన హార్డ్‌వేర్‌తో మాట్లాడకుండా ఆపేది ఫ్లాగ్.

మిగిలిన చిక్కు ఓపెన్‌లో. ఓపెన్ పాయింటర్ తీసుకుని లెక్క పెంచేలోపు డిస్‌కనెక్ట్ లెక్కను సున్నా చేసేస్తే? "సున్నా కాకపోతేనే పెంచు" అనే రకం ఫంక్షన్ ఉంది కదా అనిపిస్తుంది. కానీ అది లెక్కను చదవాలంటే ఆ మెమరీ ఉండాలి. లాక్ గానీ ఆర్‌సీయూ గానీ ఆ మెమరీని అప్పటిదాకా ఆపకపోతే ఆ ఫంక్షన్ ఏమీ చేయలేదు. ఓపెన్‌లో వెతకడం, లెక్క పెంచడం రెండూ, డిస్‌కనెక్ట్‌లో పాయింటర్ తీసేయడమూ ఒకే లాక్ కింద ఉండాలి.

లెక్క కోసం మామూలు అటామిక్ కౌంటర్ వాడకండి. 2016లో బయటపడ్డ సీవీఈ-2016-0728లో కీరింగ్ (కెర్నల్‌లో రహస్య కీలు దాచే చోటు) కోడ్ ఒక దారిలో రిఫరెన్స్ తగ్గించడం మరిచింది. అదే పనిని కోట్లసార్లు చేయిస్తే 32 బిట్ల కౌంటర్ చుట్టూ తిరిగి సున్నాకు వస్తుంది, వాడుకలో ఉన్న ఆబ్జెక్ట్ ఫ్రీ అవుతుంది. 2017లో 4.11తో వచ్చిన రెఫ్‌కౌంట్ రకం అలా తిరగదు, హద్దు దాటితే అక్కడే ఇరుక్కుని వార్నింగ్ ఇస్తుంది. కాస్త మెమరీ లీకవుతుంది, అంతకన్నా ఘోరం జరగదు. ఇప్పటి కేరెఫ్ లోపల ఉన్నది అదే.

జాబితాలో టైమరో వర్క్‌క్యూనో తేలితే మందు వేరు. ఫ్రీకి ముందు దాన్ని ఆపి, నడుస్తున్నది ముగిసేదాకా ఆగాలి, పేరు చివర "సింక్" ఉన్న ఫంక్షన్లు అందుకే. అయితే ఆపిన మరుక్షణం ఇంకో దారి దాన్ని మళ్ళీ మొదలుపెడితే శ్రమంతా వృథా. ముందు మొదలుపెట్టే దారులు మూయాలి, తర్వాత ఆపాలి. టైమర్ వర్క్‌ను, వర్క్ టైమర్‌ను లేపుకునే డ్రైవర్లలో ఏ వరుసలో ఆపినా రెండోది మొదటిదాన్ని లేపుతుంది. దీనికోసమే 6.2లో టైమర్-షట్‌డౌన్-సింక్ వచ్చింది, దాని తర్వాత ఆ టైమర్‌ను ఎవరూ తిరిగి లేపలేరు.

డెవ్ఎమ్ రకం కేటాయింపుల గురించి ఒక్క మాట. డ్రైవర్ ఊడినప్పుడు అవే ఫ్రీ అవుతాయని హాయిగా వాడేస్తుంటారు. సరిగ్గా అదే సమస్య, తెరిచిన ఫైల్ ఇంకా ఉన్నా అవి ఫ్రీ అయిపోతాయి. ఫైల్ నుంచి చేరగల ఆబ్జెక్ట్‌ను డెవ్ఎమ్‌తో కేటాయించకండి.

9. రిపోర్ట్ రాలేదంటే తగ్గినట్టేనా?

ఒక్కోసారి కాదు. ఫ్రీ అయిన ఆబ్జెక్ట్‌లను కేసాన్ వెంటనే తిరిగి ఇవ్వకుండా కొంతకాలం క్వారంటైన్‌లో ఉంచుతుంది. ఆ గడువులో ముట్టుకుంటేనే పట్టుకోగలదు. ఆ మెమరీ ఇంకొకరికి చేరాక పాత పాయింటర్‌తో ముట్టుకుంటే, జెనెరిక్ మోడ్‌కు అది చక్కగా బతికున్న ఆబ్జెక్ట్‌లాగే కనిపిస్తుంది. మీ ప్యాచ్ ఆ రెండు సంఘటనల మధ్య సమయాన్ని పెంచి ఉంటే రిపోర్ట్ ఆగిపోతుంది, బగ్ ఆగదు. అందుకే ఏడో అడుగులోని డిలేను సవరించిన కోడ్‌లో కూడా పెట్టి, వేర్వేరు చోట్లకు జరిపి చూడండి.

లాక్‌ల వాడకంలో తప్పులు పట్టే లాక్‌డెప్ ఆన్ చేసి నడపండి. కొత్త లాక్ పెట్టారంటే కొత్త డెడ్‌లాక్ పెట్టి ఉండవచ్చు, ముఖ్యంగా లాక్ పట్టుకుని సింక్ ఫంక్షన్‌ను పిలిచే చోట. లీకైన మెమరీని వెతికే కేమెమ్‌లీక్‌తో ఇంకోసారి నడపండి, ఎర్రర్ దారుల్లో లెక్క తగ్గించడం మరవడం చాలా మామూలు.

10. పంపడం

ముందు తేల్చుకోవాల్సింది ఈ బగ్ దాకా ఎవరు రాగలరన్నది. పరికరాన్ని చేత్తో ఊడదీయాల్సిన బగ్ వేరు, మామూలు యూజర్ ఒక సిస్టమ్ కాల్‌తో చేరగల బగ్ వేరు. రెండో రకమైతే పబ్లిక్ మెయిలింగ్ లిస్ట్‌లో పడేయకుండా కెర్నల్ సెక్యూరిటీ టీమ్‌కూ, ఆ సబ్‌సిస్టమ్ మెయింటైనర్లకూ మామూలు టెక్స్ట్ ఈమెయిల్‌గా రాయండి. సవరణ సిద్ధమయ్యాక వాళ్ళు దాన్ని సాధారణంగా 7 రోజులకు మించి దాచరు. సీవీఈ నంబర్ కోసం మీరు పరుగులు పెట్టనక్కర్లేదు, 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ ప్రాజెక్టే ఆ నంబర్లు ఇస్తోంది, అదీ సవరణ స్టేబుల్ ట్రీలో (విడుదలైన వెర్షన్లకు సవరణలు చేరే చోటు) చేరాక.

కమిట్ మెసేజ్‌లో మొదట కథ చెప్పండి. ఎవరు పట్టుకున్నారు, ఎవరు ఫ్రీ చేశారు, ఏ క్రమంలో. రిపోర్ట్‌ను టైమ్‌స్టాంప్‌లు, రిజిస్టర్లు తీసేసి మూడు స్టాక్‌ల సారం వరకే అతికించండి. ఫిక్సెస్ లైన్‌లో బగ్ తెచ్చిన కమిట్ ఐడీ మొదటి 12 అక్షరాలు రాయండి, స్టేబుల్ టీమ్‌ను సీసీ ట్యాగ్‌లో చేర్చండి. సిజ్‌కాలర్‌ను నిరంతరం నడిపే సిజ్‌బాట్ కనిపెట్టిన బగ్ అయితే అది ఇచ్చిన రిపోర్టెడ్-బై లైన్‌ను అక్షరం మార్చకుండా పెట్టండి, లేకపోతే అది బగ్ మూసినట్టు గుర్తించదు.

మెయిన్‌లైన్‌లో, అంటే ప్రధాన కెర్నల్ ట్రీలో, చేరడంతో పని అయిపోదు. ఇందాకటి బైండర్ బగ్‌ను సిజ్‌కాలర్ 2017 నవంబర్‌లోనే పట్టుకుంది, 2018 ఫిబ్రవరిలో సవరణ కూడా వచ్చింది. సీవీఈ లేకుండా, సెక్యూరిటీ బులెటిన్‌లో కనిపించకుండా వెళ్ళిపోవడంతో చాలా ఫోన్ల కెర్నల్‌లోకి అది చేరలేదు. 2019లో దాన్ని నిజమైన దాడుల్లో వాడుతున్నారన్న సమాచారంతో గూగుల్ ప్రాజెక్ట్ జీరో మళ్ళీ బయటపెట్టింది. కాబట్టి మీ ఉత్పత్తి ఏ కెర్నల్ ట్రీ మీద నడుస్తోందో అందులో మీ సవరణ ఉందో లేదో మీరే చూడండి. బ్యాక్‌పోర్ట్‌లో (సవరణను పాత వెర్షన్‌కు తెచ్చినప్పుడు) కమిట్ ఐడీ మారిపోతుంది, ఐడీతో వెతికితే దొరకదు. కమిట్ శీర్షికతో వెతకండి, మెసేజ్ పైభాగంలో అసలు అప్‌స్ట్రీమ్ ఐడీ రాసి ఉందో సరిచూడండి, తర్వాత ఆ ట్రీతో బిల్డ్ చేసిన ఇమేజ్ మీద మీ రీప్రొడ్యూసర్‌ను ఇంకోసారి నడపండి.